నింద, ద్వేషము, సంపాదకుని ధర్మము: వేమన పద్యముల వెలుగులో ఒక పరిశీలన

వేమన పద్యములను గూర్చి మన విమర్శకులు వ్రాసినదానిలో ఎక్కువ భాగము రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది. వేమన ఎప్పటివాడు? వేమన పేర ప్రచారమున నున్న పద్యములలో వేమనవి యెన్ని? ఇవి రెండును అవసరమైన ప్రశ్నలే. కాని మూడవ ప్రశ్న యొకటి కలదు. పద్యము వేమనదా కాదా అని తేల్చినంత మాత్రమున అది తీరదు. ఒక పద్యము ఒక కులమునో, ఒక మతమునో, స్త్రీలనో దూషించుచున్నప్పుడు దానిని మనమేమి చేయవలెను? అచ్చు వేయవలెనా, విడిచిపెట్టవలెనా? తరగతిలో చదువవలెనా, దాటవేయవలెనా? మాటాడువాని స్వేచ్ఛకును, ఆ మాటచే అవమానింపబడువాని గౌరవమునకును నడుమ హద్దు ఎచ్చట గీయవలెను? నేడు న్యాయస్థానములలోను, నాటకశాలలలోను, వీధులలోను ఈ ప్రశ్న వినబడుచున్నది. దానిని పరీక్షించుటకు వేమన పద్యసంపుటములకంటె అనువైన తావు తెలుగు వాఙ్మయమున మరియొకటి లేదని నా యభిప్రాయము.

వేమన సమాధి యున్న కటారుపల్లె కదిరికి సమీపమున గాండ్లపెంట మండలమున నున్నది. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజన జరుగువరకు అది అనంతపురము జిల్లాలోనిది. నేడు శ్రీసత్యసాయి జిల్లాలో చేరినది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు ఈ పీఠభూమి ఆంధ్రదేశమున మిక్కిలి కరవుసీమ. రాతినేల, మెట్టపైరు, ఎండిన చెరువు, రచ్చబండ - ఈ నేలకు పరిచితమైన వస్తువులతోడనే వేమన ఉపమానములు నడచును. మాటపట్టింపు కక్షగా ముదిరి కుటుంబములను బలిగొన్న ఉదంతములు కూడ ఈ సీమకు క్రొత్త కావు. మాట గాలిలో కలిసిపోవునదే గదా యని తేలికగా త్రోసిపుచ్చువారికి ఇచ్చట వేరుగా సమాధానము చెప్పనక్కరలేదు. మాటకు బరువు కలదు. ఆ బరువును తూచుట యెట్లన్నదే విమర్శకుని పని.

పద్యముల రూపమునందే ఈ సమస్యకు మూలము కలదు. ఆటవెలది చిన్న పద్యము. చదువు రానివాని నోటను సులభముగా నిలుచును. మూడు పాదములలో చెప్పదలచినది ముగించి, నాలుగవ పాదమున మకుటము తగిలించినచో వేమన పద్యము సిద్ధమగును. ఆ మకుటమునకు కావలి లేదు. శైవునిపై కోపము గల వైష్ణవుడును, వైష్ణవునిపై కోపము గల శైవుడును, అప్పులవానిచే బాధపడిన రైతును, ఇల్లాలిపై అలిగిన మగడును తమ తమ కోపములను వేమన నోట పలికింపవచ్చును, పలికించిరి. తన పేరు చెప్పక మాటాడువానికి భయము తక్కువ. పెద్దవాని పేరుతో మాటాడువానికి భయము తగ్గుటయే గాక గౌరవము కూడ దక్కును. ఈ రెండు లాభములును ఒక్క మకుటముననే దొరకుటచే, ఎన్నో తరముల దయయు, ఎన్నో తరముల ద్వేషమును ఒకే పేరు క్రింద పోగుపడినవి. అచ్చయిన కొన్ని సంపుటములలో పద్యసంఖ్య వేలకు చేరినది.

ఇట్టి రాశి ముందు నిలిచిన తొలి ప్రసిద్ధ సంపాదకుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన ఆయన తరువాత వేమన వ్రాతప్రతులను సేకరించి, పాఠములను సరిపోల్చి, 1829లో మదరాసున ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1839లో మరికొంత పెద్ద సంపుటమును వెలువరించెను. చేతికి దొరికిన పద్యములన్నిటిని ఆయన అచ్చు వేయలేదు, ఏరి కూర్చెను. ఏరుట యన్నంతనే త్రోసివేయుట యను పని కూడ అందు చేరినది. కంబదూరు ప్రాంతమున రాళ్ళపల్లి గ్రామమున జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పక్షమున వేమనను గూర్చి ఉపన్యసించి, పద్యములనుండియే కవి హృదయమును వెదకు త్రోవ చూపిరి. నార్ల వెంకటేశ్వరరావుగారు 1969లో సాహిత్య అకాడమీకై ఆంగ్లమున వ్రాసిన గ్రంథమును, ఆచార్య ఎన్. గోపిగారి ‘ప్రజాకవి వేమన’ పరిశోధనయు ఆ త్రోవను విశాలము చేసినవి. వీరందరి శ్రమవలన వేమన సంఘసంస్కర్తగా, ప్రజాకవిగా మనకు దక్కినాడు. ఐనను, ఆ కీర్తి వెలుగులో కొన్ని పద్యములు నీడకు జరిగినవి. ఆ నీడలో నున్నవానిని గూర్చియే ఇచ్చట ప్రసంగము.

వేమన పేర నున్న దూషణపద్యములను దూషింపబడు వస్తువునుబట్టి మూడు తరగతులుగా విభజింపవచ్చును. మొదటిది, చేతను దూషించునది. లోభి, అబద్ధీకుడు, కపటగురువు, మాట తప్పువాడు - వీరిని ఎత్తిపొడుచు పద్యములు ఇందు చేరును. ఈ దూషణము ఎవని తలకు తగులునో వాడు తన చేతను మార్చుకొన్నచో తప్పుకొనవచ్చును. రెండవది, అధికారవాదమును దూషించునది. విగ్రహము, జందెము, లింగధారణము, నామములు, తల గొరుగుట, తీర్థయాత్ర - వీనివలన తాము ఇతరులకంటె గొప్పవారమను వాదమును వేమన చీల్చి చెండాడెను. ఇచ్చట బాణము మనుష్యుని మీదికి గాక అతని దావా మీదికి పోవుచున్నది. ఇది మత విశ్వాసులకు నొప్పి కలిగింపవచ్చును. నొప్పి కలిగినంత మాత్రమున అది ద్వేషము గాదు. దావా వేసినవాడు ఎదురువాదమును వినవలసియే యుండును.

మూడవది, పుట్టుకను దూషించునది. ఫలాని కులమువాడు నమ్మదగడు, ఫలాని వృత్తివారందరు దొంగలు, ఆడుదాని బుద్ధి యింతే అని తేల్చు పద్యములు ఈ తరగతిలోనివి. ఇందు చేత లేదు, దావాయు లేదు. దూషింపబడినవాడు ఎంత మంచివాడైనను తప్పుకొను త్రోవ లేదు. తన పుట్టుకను తాను మార్చుకొనలేడు గనుక అతనికి సమాధానము చెప్పు అవకాశమే మూయబడినది. మొదటి రెండు తరగతుల మాటలు సంభాషణమునకు పిలుపులు. మూడవ తరగతి మాట సంభాషణమునుండి వెలి. నిందకును ద్వేషమునకును నడుమ నేను గీయదలచిన గీత ఇదియే. మాట యెంత కరకైనదను దానికంటె, విన్నవాడు దానినుండి బయటపడు దారి యున్నదా లేదా అన్నది ముఖ్యము.

ఈ భేదము ఎంత సన్ననిదో ఒక ప్రయోగముచే చూపవచ్చును. తక్కువ బుద్ధి గలవానికి అధికారము దక్కినచో వాడు మంచివారినెల్ల తరిమివేయునని హెచ్చరించు పద్యము బడిపిల్లలకెల్ల కంఠస్థమే. అందు ‘బుద్ధి’ యను మాట యున్నచోట ‘జాతి’ యను మాటను ఉంచి చూడుడు. రెండును గురువుపై లఘువు గల మాటలే. సూర్యగణము చెడదు, యతికి భంగము రాదు, మూడు పాదములలోని ఉపమానము కూడ చెక్కుచెదరదు. కాని రాజనీతి బోధించిన పద్యము ఒక్క మాటతో ఒక వర్గమును అధికారమునకు దూరముగా నుంచవలెనను శాసనముగా మారిపోవును. ‘గుణము’ అన్నచోట ‘జాతి’ యన్నను ఇదే జరుగును. ఛందస్సు ఈ రెంటిని సమానముగా మోయును. చెవి మోసపోవును, మనసు మోసపోరాదు. నోటినుండి నోటికి పోవు పద్యములలో ఇట్టి మార్పు ఎంత సులభమో గ్రహించిన పరిశోధకుడు, పాఠభేదములను కేవలము వ్యాకరణవిషయముగా చూడడు. ఏ ప్రతిలో ‘గుణము’ ఉన్నది, ఏ ప్రతిలో ‘జాతి’ ఉన్నది, ఆ ప్రతి ఎవరి ఇంటిది, ఎవరిచే వ్రాయబడినది - ఇవి సంఘచరిత్రకు చెందిన ప్రశ్నలు.

కులమును గూర్చిన పద్యములలో మిక్కిలి ప్రసిద్ధమైనవి రెండు. అంటరానివాడని త్రోయబడినవాని మేనిలోను, త్రోసినవాని మేనిలోను ఉన్నవి ఒకే రక్తమాంసములు గదా, వానిలో నుండి పలుకు ప్రాణిది ఏ కులమని అడుగునది యొకటి. ఆడిన మాట తప్పినవాడే ఆ కులనామమునకు తగినవాడనియు, ఆ పేరు పెట్టి యొకని తూలనాడువాడు అంతకంటె హీనుడనియు చెప్పునది మరియొకటి. మన విమర్శకులు ఈ రెంటిని ఒకే గాట కట్టి కొనియాడుదురు. కాని వీని నడుమ ఒక ముఖ్యమైన భేదము కలదు. మొదటి పద్యము కులభావమునే ప్రశ్నించినది. రెండవ పద్యము తిట్టును ఒకని తలమీదినుండి తీసి మరియొకని తలమీద పెట్టినది. తిట్టు తిట్టుగనే మిగిలినది. అసత్యమాడువానికి ఒక కులము పేరు శిక్షగా నీయబడినచో, ఆ పేరుతో పుట్టి సత్యమాడువాని సంగతి యేమి? కవి ఉద్దేశము ఉదాత్తము. అతని చేతిలోని ఆయుధము మాత్రము తన కాలపు వాడుకలో తయారైనది. దీనిని చెప్పుటవలన వేమన గౌరవము తగ్గదు. చెప్పకపోవుటవలన ఆ తరగతిలో కూర్చున్న కొందరు విద్యార్థుల గౌరవము తగ్గును.

ఇందువలన కులనామమే దోషయుక్తమని, ఆ మాట కనబడిన పద్యములన్నిటిని కొట్టివేయవలెనని తీర్మానించుట తొందరపాటగును. 1994లో మాదిగ దండోర ఉద్యమము పుట్టిన తరువాత ఎందరో తమ కులనామమును తమ పేరుచివర తలయెత్తి వ్రాసికొనిరి. తరతరములు తిట్టుగా వాడబడిన మాట వారి నోట ఆత్మగౌరవ ప్రకటనమైనది. మాట ఒకటే, పలికినవాడు వేరు, పలికిన ఉద్దేశము వేరు, విన్న సభ వేరు. నిషిద్ధపదముల పట్టిక యొకటి తయారుచేసి, ఆ పదములున్న చోటనెల్ల కత్తెర వేయుదునను సంపాదకుడు ద్వేషించినవానిని, ద్వేషింపబడి ఎదురు చెప్పినవానిని ఒకే త్రాట కట్టును. 1941లో వెలువడిన జాషువాగారి ‘గబ్బిలము’ అవమానమును వర్ణింపకుండ అవమానమునకు జవాబు చెప్పగలిగెడిదా? పట్టికకు చెవులు లేవు. ఉద్దేశమును, సందర్భమును వినవలసినవాడు మనుష్యుడే.

స్త్రీలను గూర్చిన పద్యముల సంగతి ఇంతకంటె కష్టమైనది. కులమును ప్రశ్నించిన కలమే స్త్రీని గూర్చి పలుమారులు కులవాదివలె మాటాడినది. చపలచిత్త, నమ్మరానిది, పురుషుని పతనమునకు హేతువు అను భావములు ఇందు కలవు. వీనికి సమాధానముగా రెండు వాదములు వినబడును. ఇవి ప్రక్షిప్తములు అనునది మొదటిది. ఇది వైరాగ్యసాహిత్యపు వాడుక, వ్యక్తిగత ద్వేషము కాదు అనునది రెండవది. మొదటి వాదము సౌకర్యమైనది: మనకు నచ్చిన పద్యములు వేమనవి, నచ్చనివి ఇతరులవి అని పంచిపెట్టుట. దీనికి వ్రాతప్రతుల ఆధారము చూపినగాని అది పాఠవిమర్శ కాజాలదు. భక్తి మాత్రమే యగును. రెండవ వాదము నిజమే గాని చాలదు. వాడుక యగుటవలన మాట బలము తగ్గలేదు సరికదా, పెరిగినది. ఒక వ్యక్తి ఒకమారు కోపముతో అన్నమాట మరునాటికి మరపునకు వచ్చును; సామెతగా మారిన తిట్టు ఎవ్వరికిని కోపము లేకయే రోజును పనిచేయుచుండును.

ఇచ్చట ఒక ఆక్షేపణము రాగలదు. పుట్టుకను దూషించుట ద్వేషమైనచో, వేదపాఠకులను, వర్తకులను వర్గముగా ఎత్తిపొడిచిన పద్యములును ద్వేషమే కావలెను గదా. వానిని మాత్రము సంస్కరణయని కొనియాడుట పక్షపాతము కాదా? ఆక్షేపణము న్యాయమైనదే. కొలబద్ద యొక్కటిగనే యుండవలెను. వేదము చదివి దయ నేర్వనివానిని నిందించు పద్యము చేతను నిందించినది. ఆ కులమున పుట్టినవారందరు కపటులే అను పద్యము పుట్టుకను నిందించినది. మొదటిదానిని సమర్థించి రెండవదానిని తప్పుపట్టవలెను. ఎవరిపై ప్రయోగింపబడినను ఇదే న్యాయము. ఐతే కొలబద్ద యొకటైనను బరువు ఒకటి కాదు. బావి దగ్గరకు రానీయని వానిపై పలికిన తిట్టు ఆ బావిగట్టుననే అమలు జరుగును. బావి తనదైనవానిపై పలికిన తిట్టు చాలవరకు మాటగనే మిగులును. తప్పు రెంటియందును గుర్తింపవలెను. హాని ఎంతయో నిర్ణయించునప్పుడు మాత్రము వినువాని స్థితిని లెక్కలోనికి తీసికొనవలెను.

మన చట్టమార్గము కూడ స్థూలముగా ఇట్లే నడచినది. రాజ్యాంగపు 19వ అధికరణము మొదటి ఉపాధికరణమున భావప్రకటన స్వేచ్ఛ నిచ్చి, రెండవ ఉపాధికరణమున దానికి సహేతుకమైన పరిమితులను అనుమతించినది. ప్రజాభద్రత అను హేతువు 1951 నాటి మొదటి సవరణముచే అందు చేరినది. వర్గముల నడుమ వైరము పెంచు మాటలను శిక్షించు శిక్షాస్మృతి 153-ఎ సెక్షను 1898 నాటిది. 2024 జూలై 1 నుండి ఆ స్థానమున భారతీయ న్యాయసంహితలోని 196వ సెక్షను అమలులో నున్నది. మతవిశ్వాసములను అవమానించుటను గూర్చి 1927లో చేర్చిన 295-ఎ సెక్షను బుద్ధిపూర్వకమైన, దురుద్దేశముతో కూడిన అవమానమునకే వర్తించునని 1957లో సుప్రీముకోర్టు వివరించినది. 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసున ఆ కోర్టు చర్చ, ప్రబోధము, ప్రేరేపణము అను మూడు మెట్లను విడదీసి, మాట ప్రేరేపణపు మెట్టునకు చేరినప్పుడే దానిని అరికట్టవచ్చునని చెప్పినది. షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధమునకై 1989లో వచ్చిన చట్టము, పదిమంది చూచు తావున ఉద్దేశపూర్వకముగా చేసిన అవమానమును నేరముగా పరిగణించినది. ఉద్దేశము, తావు, వినువాని స్థితి - ఈ మూడును చట్టమునందును కనబడుచున్నవి. సాహిత్యవిమర్శ చేయు పనికిని, న్యాయస్థానము చేయు పనికిని ఇంతవరకు చుట్టరికము కలదు.

ఈ కొలతను ఇటీవలి రెండు తెలుగు ఉదంతములకు అన్వయించి చూతము. కాళ్ళకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ నాటకము వేశ్యావ్యసనమును ఖండించుటకై వ్రాయబడినది. దాదాపు నూరేండ్లు అది ఊరూర ప్రదర్శింపబడినది. అందలి సుబ్బిశెట్టి పాత్ర తమ కులమును హేళన చేయుచున్నదని ఆర్యవైశ్య సంఘములవారు మొరపెట్టుకొనగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనమును నిషేధించెను. ఇచ్చట వేమన పద్యముల సమస్యయే మరియొక రూపమున నున్నది. రచయిత వ్రాసిన పాఠము వేరు. దశాబ్దముల తరబడి నటులు చప్పట్లకై అప్పటికప్పుడు చేర్చుకొనిన బూతుమాటలు వేరు. వ్యసనపరుడగు ఒక వర్తకుని చేతను నవ్వుట నాటకమున నున్నది. వర్తకకులమంతటిని నవ్వులపాలు చేయుట చాలవరకు ప్రదర్శనమున చేరినది. మొరపెట్టుకొన్నవారి నొప్పి అబద్ధము కాదు. కాని ప్రక్షిప్తమునకు మందు ప్రక్షిప్తమును తొలగించుటయే గాని మూలమును పాతిపెట్టుట కాదు. మూలపాఠమును నిర్ణయించి, దానికి కట్టుబడి ఆడవలెనని నియమించుట కష్టమైన పని. నిషేధము సులభమైన పని. సులభమైనది న్యాయమైనది కానక్కరలేదు. ఒక చిత్రమును ఊరేగింపుల బెదరింపునకు వెరచి ఆపరాదనియు, మందుగుండులో నిప్పురవ్వవలె మాటకును అపాయమునకును దగ్గరి సంబంధము కనబడవలెననియు 1989లోనే సుప్రీముకోర్టు రంగరాజన్ కేసున చెప్పియున్నది.

రెండవది కంచ ఐలయ్యగారి పుస్తకము. ‘సామాజిక స్మగ్లర్లు కోమటోళ్ళు’ అను పేర 2017లో వెలువడిన ఆ చిన్న పుస్తకముపై తీవ్రమైన ఆందోళన చెలరేగినది. రచయితకు బెదరింపులు వచ్చినవి. నిషేధింపుమని దాఖలైన అర్జీని 2017 అక్టోబరులో సుప్రీముకోర్టు త్రోసిపుచ్చినది. సంపద ఎట్లు ఒకచోట చేరి నిలిచిపోవును, కులమునకు అందు పాత్ర యేమి అన్నది చర్చింపదగిన విషయము; చర్చకు పుస్తకమే తగిన తావు. కోర్టు తీర్పు సరియైనది. ఐనను ఆ పేరును మాత్రము నేను సమర్థింపజాలను. వాదము ఒక వ్యవస్థను గూర్చినది కాగా పేరు ఒక పుట్టుకను గూర్చినది. రోజంతయు చిల్లరకొట్టున కూర్చుండి పొట్టపోసికొను మనుష్యుడు కూడ ఆ పేరులోనుండి తప్పుకొనలేడు. పుస్తకము నిషేధమునకు అర్హము కాదు. పేరు విమర్శకు అర్హమే. ఈ రెండు వాక్యములను ఒకే నోట పలుకగలుగుటయే వాక్స్వాతంత్ర్యమును కోరువాని మొదటి లక్షణము. స్వేచ్ఛ నిచ్చుట మెచ్చుకొనుట కాదు. తప్పుపట్టుట నోరు నొక్కుట కాదు.

ఇక సంపాదకుని ధర్మమునకు వత్తము. నేటివరకు వేమన సంపాదకులు రెండు మార్గములను త్రొక్కిరి. కొందరు ఇబ్బందికరమైన పద్యములను చెప్పకుండ విడిచిపెట్టిరి. పాఠకునికి మర్యాద దక్కినది. కాని సత్యము దక్కలేదు. ఎన్ని పద్యములు, ఏ కారణమున, ఎవరి నిర్ణయముచే తొలగింపబడినవో తెలియని సంపుటము పరిశోధనకు పనికిరాదు. వేమన కేవలము దయాళువను భ్రాంతి దానివలన కలుగును. మరికొందరు దొరికినదెల్ల వరుసగా అచ్చు వేసిరి. వారు సత్యమును కాపాడిరని చెప్పవచ్చును గాని, వ్యాఖ్య లేని అచ్చు కూడ ఒక విధమైన ఆమోదమే. మూడువేల పద్యముల నడుమ ఒక స్త్రీద్వేషపద్యము, ఒక దయాపద్యము ప్రక్కప్రక్కన ఒకే మకుటముతో నిలిచియున్నప్పుడు రెంటికిని ఒకే అధికారము వచ్చును.

మూడవ మార్గము, తావునుబట్టి ధర్మమును నిర్ణయించుట. పరిశోధన సంపుటమున ఏ పద్యమును తొలగింపరాదు. తొలగించుట సాక్ష్యమును చెరపుట. ఏ కాలమున ఎవరు ఎవరిని ఎట్లు అవమానించిరో తెలుపు ఆధారము పోయినచో, అవమానింపబడినవారికి చరిత్రలో వాదించుకొను పత్రము పోయినట్లే. అచ్చట పాఠభేదములు, ప్రతుల వివరములు, సాంఘిక వ్యాఖ్య జతపరుపవలెను. పాఠ్యపుస్తకమున ఎంపిక తప్పదు. ఎంచుకొన్న నియమమేదియో పీఠికలో చెప్పవలెను. ఉపాధ్యాయుని పుస్తకమున విడిచినవాని సంగతి కూడ తెలుపవలెను. ఇక సభ వేరు. జాతరలోనో, ఊరి రచ్చబండ యెదుటనో, ఒక కులమువారి వీధిముందర నిలిచి వారిని దూషించు పద్యమును గొంతెత్తి పాడువాడు వేమన సాహిత్యమును ప్రచారము చేయుటలేదు. వేమన పేరు చాటున నిలిచి వారిని కొట్టుచున్నాడు. అచ్చట అధ్యక్షుడు ఆపవలెను. పద్యము అదియే. గ్రంథాలయమున అది సాక్ష్యము, వీధిలో అది దెబ్బ. ఈ భేదము తెలియని స్వేచ్ఛావాది వీధిలో దెబ్బను రక్షించును; ఈ భేదము తెలియని నిషేధవాది గ్రంథాలయమున సాక్ష్యమును కాల్చును.

ఆపుట, అచ్చు మానుట అనునవి గాక మరియొక మందు కూడ కలదు. అది మేలైన మాటతో ఎదురుపలుకుట. దీనికి ఈ సీమ చరిత్రలోనే నిదర్శనము దొరకును. 1800లో నిజాము ఈ జిల్లాలను ఆంగ్లేయులకు దత్తము చేయుటచే వీనికి దత్తమండలములను పేరు వచ్చినది. ఒకరు ఒకరికి ఇచ్చివేసిన వస్తువు అను అర్థము ఆ పేరులో నుండెను. నూటయిరువది యేండ్లకు పైగా ఇచ్చటివారు ఆ పేరును మోసిరి. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును ప్రతిపాదించిరి. పాతపేరు పలికినవారిని శిక్షింపుమని ఎవ్వరును కోరలేదు. క్రొత్తపేరు తనంతట తానే పాతదానిని నోళ్ళనుండి తొలగించినది. పాతపేరు చరిత్రగ్రంథములలో నేటికిని నిలిచియున్నది, నిలువవలెను కూడ. అవమానమునకు ఇంతకంటె పూర్ణమైన విజయము సాధించిన చట్టము నాకు కనబడలేదు. ఐనను, ఈ మందు అన్ని రోగములకు చాలదు. ఎదురు మాటాడుటకు సభయు, సభలో చోటును, చోటు దక్కించుకొను బలమును ఉన్నవారికి అది చాలును. అవి లేనివారి పక్షమున చట్టము నిలువవలెను.

వేమన ఎవరి మాటను లెక్కచేయక తన మాట తాను చెప్పినవాడు. ఆయన స్వేచ్ఛకు వారసులమని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. కాని ఆయన పేర చెలామణియగు ప్రతి తిట్టుకును వారసులము కావలసిన పని లేదు. మన విశ్వవిద్యాలయములలోని తెలుగు శాఖలు వేమన పద్యములకు సంపూర్ణమైన శాస్త్రీయ పరిష్కరణమునకు పూనుకొన్నప్పుడు, ప్రతి పద్యమునకు పాఠభేదములతోపాటు అది చేతను దూషించుచున్నదా, దావాను దూషించుచున్నదా, పుట్టుకను దూషించుచున్నదా అను విమర్శయు చేర్చుట మేలు. ఈ పని చేయు పరిశోధకులకు ఇబ్బంది తప్పదు. భక్తులును కోపింతురు, నిషేధవాదులును కోపింతురు. తరగతిలో ఆ పద్యము చదువు ఉపాధ్యాయునికి మాత్రము అట్టి గ్రంథము చేతిలో ఉండుట అవసరము. అతని యెదుట కూర్చున్నవారిలో ఆ పద్యము ఎవరిని గూర్చి చెప్పబడినదో వారి మనుమలు, మనుమరాండ్రు ఉన్నారు. వారు తల వంచుకొనకుండ చదువగలిగిన వ్యాఖ్యతో ఆ పద్యమును వారి ముందుంచుటయే మనము చేయదగిన సంపాదకత్వము.